సూది ముట్టని పిన్నిగారు

మొన్న ఏలూరులో చీర ఫాల్ కుట్టుకోవడానికి సూది కొందామని ఒక ఫ్యాన్సీ కొట్టుకి వెళ్ళాను. అప్పటికే వీధిలో లైట్లు వెలిగాయి. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే సూదుల ప్యాకెట్ ఒకటి తీసి నేరుగా నా అరచేతిలో పెట్టింది. నేను చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ప్యాకెట్ కింద పడింది. "ఏమైందండీ, గుచ్చుకుందా?" అని ఆ అమ్మాయి కంగారుపడింది. ఏమీ కాలేదమ్మా అని చెప్పి, వంగి ప్యాకెట్ తీసుకుని బయటపడ్డాను. బయటికొచ్చాక మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాను. మా వైపు పాత కొట్లలో దీపాలు పెట్టాక సూది అమ్మరు. పగలు అమ్మినా చేతికి ఇవ్వరు, బల్ల మీద పెడితే మనమే తీసుకోవాలి. మా పిన్నిగారు చూసి ఉంటే ఆ అమ్మాయికి గట్టిగా క్లాసు పీకేవారు. పీకి, ఆ తర్వాత నా వైపు తిరిగి ఎవరికీ కనబడకుండా కన్ను గీటేవారు.

పిన్నిగారంటే నాకు చుట్టమేమీ కాదు. తాడేపల్లిగూడెంలో టీచరుగా నాకు మొదటి పోస్టింగ్ వచ్చినప్పుడు వాళ్ళింటి వెనక వాటాలో అద్దెకి దిగాను. వీధి వైపు కొట్టు, దాని వెనక ఇల్లు, ఇంకా వెనక నా గది. ఆవిడకి పిల్లల్లేరు. భర్త పోయాక దారాల కొట్టు ఆవిడే నడిపేవారు. దారాలు, సూదులు, గుండీలు, హుక్కులు, లేసులు, జిప్పులు, కుట్టుకి కావలసినవన్నీ అక్కడ దొరికేవి. ఊళ్ళో టైలర్లలో సగం మందికి అదే ఆధారం. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. కబురు తెలిసిన రోజున కుళ్ళికుళ్ళి ఏడ్చాను. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం ఏడుపు రాదు, మనసుకి ఒక లాంటి పొగరు వస్తుంది. ఆ పొగరు నాది కాదు, ఆవిడదే.

మనిషి పొట్టి. నుదుట విభూతి, ముక్కుకి ఒకే ఒక్క రాయి, మెళ్ళో కళ్ళద్దాల తాడు. కొట్లో బల్ల వెనక ఎత్తు పీట మీద కూర్చునేవారు. ఎవరైనా జాకెట్ గుడ్డ తెచ్చి దీనికి సరిపోయే దారం ఇవ్వండంటే, ఆ గుడ్డ కొస పట్టుకుని గుమ్మం దాకా నడిచి వెళ్ళి, ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూసేవారు. "ఇది వంకాయ రంగు కాదండీ. నేరేడు. వంకాయ అయితే నీడలో నల్లబడుతుంది" అనేవారు. వచ్చినవాళ్ళు నమ్మకపోతే వాదించేవారు కాదు. రెండు దారాలూ గుడ్డ మీద పక్కపక్కన పరిచి, చేతులు కట్టుకుని కూర్చునేవారు. "సరుకు మాట్లాడాలండీ, మనం కాదు" అన్నది ఆవిడ ఊతపదం. ఊరి పేరుతో ఒక రంగు కూడా పెట్టుకున్నారు. గూడెం మార్కెట్లో బస్తాల చుట్టూ ఎగిరే ఉల్లిపొరల రంగుని ఆవిడ 'గూడెం గులాబి' అనేవారు. కంపెనీ వాళ్ళ షేడ్ కార్డులో దానికి ఏ నంబరు ఉండేదో ఆవిడకి అక్కర్లేదు.

అలాంటి మనిషి సూదుల దగ్గరికి వచ్చేసరికి మారిపోయేవారు. సూదులన్నీ ఒక రేకు డబ్బాలో ఉండేవి. ఎవరైనా సూది అడిగితే, మీటరు బద్దతో ఆ డబ్బాని బల్ల మీద అవతలి వైపుకి నెట్టేవారు. "మీరే చూసి తీసుకోండమ్మా, చేతికివ్వకూడదు" అనేవారు. మంగళవారం, శుక్రవారం సూదులు అమ్మకం లేదు. శనివారం ఇనుము అమ్మం అనేవారు. మిగతా రోజుల్లోనైనా దీపాలు పెట్టే లోపలే. ఆ దీపం ఆవిడ కొట్లో మధ్యాహ్నం మూడున్నరకే వెలిగేది. ఎండ నెత్తి మీద మండిపోతుంటే లోపల దేవుడి పటం ముందు దీపం వెలుగుతూ ఉండేది. వచ్చినవాళ్ళు చూసి లెంపలు వేసుకునేవారు. ఎంత ఆచారం, ఎంత నిష్ఠ, ఈ కాలంలో ఇలాంటివాళ్ళు ఎక్కడున్నారండీ అని బజారంతా చెప్పుకునేవారు.

నేనూ అలాగే అనుకున్నాను. మాది చర్చికి వెళ్ళే కుటుంబం కాబట్టి వాళ్ళ ఆచారాల్లో ఏది ఎంతవరకో నాకు తెలియదు, అడిగితే బాగుండదని ఊరుకున్నాను. ఒకరోజు నేను బడి నుంచి వస్తుంటే లోపలి నుంచి "టీచరమ్మా, టీచరమ్మా" అని కేక వినిపించింది. పరిగెత్తుకుని వెళ్ళి చూస్తే పిన్నిగారు పీట మీద నిలబడి ఉన్నారు. చీర కుచ్చిళ్ళు రెండు చేతులతో పైకి పట్టుకుని ఉన్నారు. తేలేమో, ఎలుకేమో అని నేను కింద వెతుకుతున్నాను. "అటు కాదండీ, ఇటు. డబ్బా పడిపోయింది" అన్నారు. నేల నిండా సూదులు. అన్నీ ఏరి డబ్బాలో వేసి మూత పెట్టేదాకా ఆవిడ కిందకి దిగలేదు. దిగి పీట మీదే కూర్చున్నారు. మొహం మీద చెమట తుడుచుకుని, మెల్లగా అన్నారు.

"ఆచారం అనుకుంటున్నారు కదండీ అందరూ. అనుకోనివ్వండి. ఏం పోయింది."

అప్పుడే మొదటిసారి నా వైపు చూసి కన్ను గీటారు.

భర్త బతికున్నన్నాళ్ళూ సూదుల సంగతి ఆయనే చూసుకునేవారట. ఆయన పోయాక ఈ పద్ధతులన్నీ పిన్నిగారు తెచ్చినవి. ఉన్న ఆచారాలనే పట్టుకుని, కాస్త సాగదీసి, చుట్టూ గోడలా కట్టుకున్నారు. అసలు ఈ భయం ఎలా వచ్చిందండీ అని అడిగితే, అడిగినప్పుడల్లా ఒక కొత్త కథ చెప్పేవారు. చిన్నప్పుడు బళ్ళో టీకా వేసినవాడి మీసాలు చూసి జడుసుకున్నానని ఒకసారి. మేనత్త చెవులు కుట్టిస్తుంటే కంసాలికి తుమ్మొచ్చిందని ఇంకోసారి. పోయిన జన్మలో విస్తరాకునేమో, ఈనెపుల్లలు గుచ్చి గుచ్చి చంపారేమో అని మరోసారి. అన్నీ విని నేను, ఇందులో ఏది నిజమండీ అంటే, "మీకేది నచ్చితే అదే తీసుకోండి" అని నవ్వేసేవారు.

ఆవిడ పిరికి మనిషి అనుకుంటారేమో, అదేం కాదు. ఆవిడ పుట్టిల్లు కలిదిండి వైపు. ఒకసారి వాళ్ళ బంధువుల ఇంట్లో పెళ్ళికని నన్నూ తీసుకువెళ్ళారు. దారిలో కొల్లేటి మీద పడవలో కొంత దూరం వెళ్ళాలి. మధ్యలోకి వెళ్ళాక, గుర్రపుడెక్క తీగల్లోంచి ఒక నీరుకట్టె పాము పడవలోకి వచ్చింది. నేను కేక పెట్టి బల్ల మీదకి ఎక్కేశాను. పడవ ఊగిపోయింది. పడవవాడే గెడ పట్టుకుని బిగుసుకుపోయాడు. పిన్నిగారు మాత్రం పెళ్ళికి పెట్టుకున్న గాజుల చేత్తోనే దాన్ని తోక పట్టుకుని ఎత్తి, "వెళ్ళు తల్లీ, మాకూ ముహూర్తం దాటిపోతోంది" అని నీళ్ళలోకి వదిలేశారు. తర్వాత నీళ్ళలో చెయ్యి కడుక్కున్నారు.

"పిన్నిగారూ, పాము పళ్ళు సూదులు కావా? దానికి లేని భయం దీనికెందుకండీ?" అన్నాను నేను, బల్ల మీంచి దిగాక.

ఆవిడ తడి చెయ్యి కొంగుకి తుడుచుకున్నారు. "పాము తను భయపడి కరుస్తుందండీ. సూదికి భయం ఉండదు కదా" అన్నారు.

ఇన్నేళ్ళలో సూదిభయం గురించి నేను విన్న మాటల్లో నాకు నిజమనిపించింది ఇదొక్కటే.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు గవర్నమెంటు తెంచేసిన ఏడాది ఆవిడ కుడి భుజం పట్టేసింది. మొదట చెయ్యి వెనక్కి వెళ్ళేది కాదు. తర్వాత పైకి లేవడం మానేసింది. పొద్దున్నే నా గది తలుపు కొట్టి, "టీచరమ్మా, కాస్త జడ" అని వెనక్కి తిరిగి నిలబడేవారు. ఆ మాట అనడం ఆవిడకి ఎంత కష్టంగా ఉండేదో నాకు తెలుసు. కొట్లో పై అరల్లో ఉన్న పెట్టెలు తీయడానికి వచ్చినవాళ్ళనే బతిమాలుకోవలసి వచ్చేది. అందనప్పుడు "ఆ సరుకు అయిపోయిందండీ" అనేవారు. నిండుగా సరుకు పెట్టుకుని లేదని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆవిడ మొహం మాడిపోయేది. పైగా ఆ ఏడాది కొల్లేటి వైపు ఊళ్ళ నుంచి వచ్చే టైలర్లు కూడా తగ్గిపోయారు. వాళ్ళ ఊళ్ళలో కొత్త బట్టలు కుట్టించుకునే ఉత్సాహం ఎవరికీ లేదు.

అప్పుడు వచ్చారు ఆవిడ మరిదిగారు. నల్లజర్లలో ఎరువుల కొట్టు ఆయనది. మంచి మనిషి. వదినగారంటే గౌరవం ఉంది, ప్రేమ కూడా ఉంది. దాంతోనే వచ్చింది చిక్కు.

"వదినగారూ, మీరు ఇంక కష్టపడింది చాలండీ. శ్రావణమాసం రద్దీ మీవల్ల కాదు. ఆ లోపల చెయ్యి బాగుపడితే సంతోషం. లేదంటే శ్రావణం నుంచి కొట్టు నేను చూసుకుంటాను. మీరు హాయిగా ఇంట్లో కూర్చోండి" అన్నారాయన.

"అలాగేనండీ" అన్నారు పిన్నిగారు. కాఫీ ఇచ్చి సాగనంపారు. ఆయన వెళ్ళాక వచ్చి నా గది గడప మీద కూర్చున్నారు.

"హాయిగా ఇంట్లో కూర్చోమంటున్నారు. ఇంట్లో కూర్చోవడం అంటే ఏంటో ఆయనకి తెలుసాండీ? కొట్లో కూర్చుంటే ఊరంతా నా ముందునుంచే నడుస్తుంది. ఎవరింట్లో పెళ్ళో, ఎవరి అమ్మాయికి ఓణీ వేస్తున్నారో, ముందు నాకే తెలుస్తుంది. ఇంట్లో కూర్చుంటే నా ముందు గోడ ఉంటుంది." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకు అదే మొదటిసారి.

మర్నాడే ఏలూరులో ఎముకల డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాను. ఆయన చూసి, కీలులోకి ఒక ఇంజక్షన్ చేస్తే పట్టు వదులుతుందన్నాడు. నేను మందుల చీటీ తీసుకుని బయటికొచ్చేసరికి పిన్నిగారు లేరు. చెప్పులు మాత్రం గుమ్మం దగ్గర ఉన్నాయి. ఊరంతా వెతికి, చివరికి ఆ చెప్పులు సంచిలో వేసుకుని నేను గూడెం వచ్చేసరికి, ఆవిడ కొట్లో దీపం వెలిగించి కూర్చున్నారు. ఉట్టికాళ్ళతో బస్సెక్కి వచ్చేశారు. "డాక్టరుగారు మంచివారేనండీ. చెయ్యి కూడా ముందు కన్నా నయంగా ఉంది" అన్నారు, ఆ చెయ్యి ఎడం చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటూ.

ఇలా రోజులు గడుస్తుండగా డాక్టరమ్మగారు వచ్చారు. ఏలూరు నుంచి వచ్చి, మా చర్చి ఆవరణలోని హాల్లో మంగళవారం, శుక్రవారం ఆక్యుపంక్చర్ చేసేవారు. లేసు అల్లడం ఆవిడకి సరదా. దారం కోసం కొట్టుకి వచ్చి, పిన్నిగారు బల్ల మీద డబ్బు తీసుకునేటప్పుడు ఆవిడ చెయ్యి చూశారు.

"భుజం పట్టేసినట్టుందండీ. ఎన్నాళ్ళయింది? ఒకసారి మా హాలుకి రాకూడదూ? మందులు, ఇంజక్షన్లు ఏమీ ఉండవు."

పిన్నిగారి మొహం విప్పారింది. "మరేం ఉంటాయండీ?"

"సన్నటి సూదులండీ."

విప్పారిన మొహం అక్కడే ఆగిపోయింది. కానీ ఆవిడ వ్యాపారస్తురాలు, మొహాన ఏదీ చెప్పరు. "మంగళ, శుక్రవారాల్లో మేము సూది ముట్టమండీ" అన్నారు.

"మీకోసం శనివారం వస్తానండీ."

"శనివారం ఇనుము పనికిరాదు."

"స్టీలండీ అది."

"స్టీలూ ఇనుమే కదండీ."

"పోనీ సోమవారం?"

"ఉపవాసం. బుధవారం సరుకు దిగుతుంది. గురువారం గుడికెళ్తాను. ఆదివారం మీకు ప్రార్థన ఉంటుంది, మిమ్మల్ని ఇబ్బంది పెడితే నాకు పాపం."

నేను పక్కన నిలబడి నవ్వు బిగబట్టుకున్నాను. డాక్టరమ్మగారు మాత్రం నవ్వలేదు. అంతా విని తలూపి ఊరుకున్నారు. ఆ మౌనం పిన్నిగారికి ఇబ్బందిగా అనిపించినట్టుంది. ఎప్పుడూ కంపెనీ మనుషుల్ని పంపించడానికి వాడే మాట అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. "శాంపిల్ పెట్టి వెళ్ళండి, చూసి చెప్తాను."

దారాలు, జిప్పులు అమ్ముకునే కంపెనీవాళ్ళకి ఆ మాటకి అర్థం తెలుసు. ఇంక వెళ్ళిరండి అని. డాక్టరమ్మగారికి అది తెలియదు. ఆవిడ సంచి తెరిచి ఒక చిన్న కాగితం ప్యాకెట్ తీశారు. "ఇవి తేదీ దాటిపోయినవండీ, ఎవరికీ పెట్టను. చూసుకోవడానికి మాత్రమే. వచ్చే వారం వస్తాను" అని బల్ల మధ్యలో పెట్టి వెళ్ళిపోయారు.

పిన్నిగారు ఇరుక్కుపోయారు. ఎలాగో నాకు ఆ సాయంత్రం చెప్పారు. వాళ్ళ మావగారి కాలం నుంచి ఆ కొట్లో ఒక పద్ధతి ఉంది. శాంపిల్ వద్దనుకుంటే, ఇచ్చినవాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు స్వయంగా వాళ్ళ చేతికి తిరిగివ్వాలి. బల్ల మీద పడేసి తీసుకుపొమ్మనడం అవమానం. అలా తిరిగివ్వకపోతే ఆర్డరు ఇచ్చినట్టే లెక్క. ఆ మాట ఆ కొట్లో ఎన్నడూ తప్పలేదు.

"అయితే తిరిగిచ్చేయండి" అన్నాను.

"ఎలా ఇస్తానండీ? సూది చేతికివ్వకూడదని పదేళ్ళ నుంచి ఊరంతటికీ చెప్తున్నాను. ఇప్పుడు బజారులో అందరూ చూస్తుండగా చేతికిస్తే నా ఆచారం ఏమవుతుంది? ఇవ్వకపోతే ఆర్డరవుతుంది." ఆవిడ తల పట్టుకున్నారు. "అసలు ముందు దాన్ని ముట్టుకోవాలి కదా. అదొకటి ఉంది."

ఆ ప్యాకెట్ బల్ల మీదే ఉండిపోయింది. మొదట దాని మీద గుండీల పెట్టె మూత బోర్లించారు. మూత ఉన్నచోట ఏముందో తెలుసు కాబట్టి అటు చెయ్యి పెట్టేవారు కాదు. రెండు మూడు రోజులకి, మూత గుండీల పెట్టెకి అవసరమై తీయాల్సి వచ్చింది. తీశాక ప్యాకెట్ బయటపడింది. పొద్దస్తమానం దాన్నే చూస్తూ వ్యాపారం చేశారు. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి, మీటరు బద్ద పక్కన పెట్టేసి, చూపుడువేలితో ఆ కాగితాన్ని అటూ ఇటూ కదుపుతున్నారు.

"విప్పండి టీచరమ్మా. సరుకు చూడకుండా ఎన్నాళ్ళని ఉంచుకుంటాం" అన్నారు.

విప్పి తెల్లకాగితం మీద పెట్టాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని, నాకు కాస్త ఎడంగా నిలబడి చూశారు. తర్వాత దగ్గరికి వచ్చారు. ఇంకా దగ్గరికి. "మన పూసల సూది కంటే సన్నం. వంగుతుందేమో చూడండి" అన్నారు. వంచి చూపించాను. వెంట్రుకలా వంగి లేచింది. ఆవిడ కళ్ళు చిట్లించి దాని మొదలు చూశారు, చివర చూశారు. ఒక్కసారిగా ఆవిడ గొంతు మారిపోయింది.

"దీనికి బెజ్జం లేదండీ!"

"లేదు. దారంతో పనిలేదు కదా."

"బెజ్జం లేకపోతే అది సూదెలా అవుతుందండీ? తీగ అవుతుంది. తీగకి మంగళవారం లేదు, శుక్రవారం లేదు, దీపం లేదు. చేతికిచ్చినా తప్పులేదు." ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకోబోతూ కొట్టంతా కలియజూశారు. కుడి చెయ్యి నడుం దాకా రాలేదు, ఎడం చెయ్యే పెట్టుకున్నారు. "మంగళవారమే వెళ్దాం. తీగలే కదా."

మంగళవారం నాడు ఆవిడ పట్టుచీర కట్టుకున్నారు. నేను జడ వేశాను. దారి పొడుగునా తీగ గురించే చెప్పారు. వైరు కంటే సన్నం అన్నారు, వీణ తీగ కంటే సన్నం అన్నారు. చర్చి గేటు దగ్గరికి వచ్చాక ఆగిపోయారు. గేటు పక్క అరుగు మీద కూర్చుండిపోయారు. మొహం మీద చెమటలు. నేను ఇంటికి వెళ్ళిపోదామా అని అడగబోతున్నాను.

"టీచరమ్మా, అది సూదేనండీ" అన్నారు.

నేనూ పక్కన కూర్చున్నాను.

"బెజ్జం ఉన్నా లేకపోయినా సూది సూదే. ఆచారం అని ఊరికి చెప్పాను. తీగ అని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆ మాట పట్టుకుని లోపలికి వెళ్తే, ఒంటికి తగలగానే సూదని తెలిసిపోతుంది. అప్పుడు మళ్ళీ చెప్పులు వదిలేసి పారిపోతాను." ఆవిడ ఊపిరి తీసుకున్నారు. "కొట్టు వదులుకోలేనండీ. సూదే అని తెలిసే వెళ్తాను. పట్టుకోండి, లేస్తాను."

ఆవిడ ఎడం చెయ్యి పట్టుకుని లేపాను. ఎక్కడా ఆగకుండా నడిచారు. నా జీవితంలో ధైర్యస్తుల్ని కొందరిని చూశాను గానీ, ఆ గేటు నుంచి హాలు దాకా ఉన్న ఆ కాస్త దూరం అంత ధైర్యంగా నడిచిన మనిషిని చూడలేదు.

డాక్టరమ్మగారు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కాలు ముందుకు చాపమన్నారు. పిన్నిగారికి అంత భయంలోనూ అనుమానం వచ్చింది. "నొప్పి భుజంలోనండీ."

"తెలుసండీ. మొదలు కాలి దగ్గర నుంచి పెడతాను. అది పెట్టి ఉండగానే మీరు చెయ్యి కదపాలి. కళ్ళు మూసుకోండి. మీకిష్టమైంది ఏదైనా తలుచుకోండి."

నేను శివుడినో వేంకటేశ్వరుడినో తలుచుకుంటారనుకున్నాను. పిన్నిగారు కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి రంగులు చదవడం మొదలుపెట్టారు. "గంధం, లేత గంధం, మామిడిచిగురు, చిలకపచ్చ, నెమలికంఠం, ముదురు నెమలికంఠం, నేరేడు, గూడెం గులాబి..." మోకాలికీ చీలమండకీ మధ్య ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం ఆనించి, డాక్టరమ్మగారు వేలితో ఒక్క తట్టు తట్టారు. పిన్నిగారు ఇటిక రంగు దగ్గర ఉన్నారు.

"ఇంకా పెట్టలేదేంటండీ?"

"పెట్టేశానండీ."

పిన్నిగారు కళ్ళు తెరిచారు. కాలి వైపు చూశారు. సూది నిలబడి ఉంది, సన్నగా, కొద్దిగా ఊగుతూ. నేను ఆవిడ భుజాలు పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆవిడ దాన్ని చాలాసేపు చూశారు. పడవలో పాముని చూసినట్టే తల కొంచెం పక్కకి వాల్చి చూశారు.

"ఇంకోటి ఉందా?" అన్నారు.

"ఉందండీ, చేతికి."

"అది చూపించి పెట్టండి. కళ్ళు మూసుకుని ఏ సరుకూ తీసుకోలేదు నేను."

రెండో సూది ఆవిడ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దిగుతుంటే రెప్ప వెయ్యకుండా చూశారు. చీమ కుట్టినంత కూడా లేదన్నారు. తర్వాత, "కాదు, ఉంది. చీమ కుట్టినంత ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి" అని సరిదిద్దుకున్నారు. చెయ్యి మెల్లగా ఎత్తండి అని డాక్టరమ్మగారు చెప్తే ఎత్తారు. ఒళ్ళోంచి ఛాతీ దాకా వచ్చింది. అక్కడ ఆగింది. అంతే. అద్భుతమేమీ జరగలేదు. కానీ పిన్నిగారు ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. చెయ్యి వచ్చినందుకు కాదని నాకు తెలుసు. నేనూ ఏడ్చాను. డాక్టరమ్మగారు మా ఇద్దరి వంకా చూసి, ఫ్యాన్ స్పీడు పెంచారు.

ఆ తర్వాత ప్రతి మంగళవారం, శుక్రవారం వెళ్ళారు. భుజం నెమ్మదిగా వదిలింది. సగం సూదుల వల్ల, సగం డాక్టరమ్మగారు నేర్పిన కసరత్తు వల్ల. రోజూ పొద్దున్నే గోడ దగ్గర నిలబడి వేళ్ళతో పైకి పాకించేవారు. నొప్పి పెడితే గోడని తిట్టేవారు. ఒకరోజు నా తలుపు కొట్టలేదు. నేనే వెళ్ళి చూస్తే జడ వేసుకుని ఉన్నారు. వంకరగా ఉంది, ఒక పాయ ఊడిపోయి వేలాడుతోంది. బాగుందా అని అడిగారు. చాలా బాగుందండీ అన్నాను, నిజంగానే అన్నాను. కొట్లో సూదుల డబ్బా ఇప్పుడు చేత్తోనే ముందుకి జరిపేవారు. దీపం సాయంత్రమయ్యాకే వెలిగేది. దాంతో బజారులో మాట మొదలైంది. ఈమధ్య పిన్నిగారికి భక్తి తగ్గిందేంటండీ అని ఎవరో నన్నే అడిగారు. ఆ మాట ఆవిడకి చెప్తే విరగబడి నవ్వారు.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం దగ్గరపడింది. కొట్టు ముందు ఆడవాళ్ళు కిటకిటలాడుతున్నారు. జాకెట్ల మీదకి లేసులు, హుక్కులు, ఫాల్స్. బడికి సెలవు కాబట్టి నేనూ సాయం చేస్తున్నాను. అప్పుడు వచ్చారు నల్లజర్ల నుంచి మరిదిగారు. చేతిలో బట్టల సంచి. అన్నమాట ప్రకారం కొట్టు చూసుకోవడానికే వచ్చారు. ఎరువుల కొట్టుకి ఎవరినో పెట్టి వచ్చారట. ఈ జనాన్ని చూసి, సంచి పక్కన పడేసి గబగబా బల్ల వెనక్కి వచ్చేశారు.

"మీరు లేవండి వదినగారూ, నేను చూసుకుంటాను."

అప్పుడే ఒకావిడ బంగారు అంచు లేసు అడిగింది. అది అన్నిటికంటే పై అరలో ఉంటుంది. మరిదిగారు స్టూలు కోసం వెతుకుతున్నారు. పిన్నిగారు పీట ఎక్కి నిలబడ్డారు. కుడి చెయ్యి ఎత్తారు. చెవి దాటింది, తల దాటింది. వేళ్ళు ఒక్క క్షణం గాలిలో తడుముకున్నాయి, తర్వాత పెట్టె అంచు దొరికింది. లాగి, రెండు చేతులతో పట్టుకుని, బల్ల మీద దించారు.

బేరం చేస్తున్న ఆడవాళ్ళకి ఏమీ తెలియలేదు. లేసు ఎంతండీ అని అడుగుతున్నారు. మరిదిగారు మాత్రం స్టూలు చేత్తో పట్టుకుని నోరు తెరిచి నిలబడిపోయారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"వదినగారూ, మీ చెయ్యి..."

పిన్నిగారు ఆయన వైపు తిరిగి చూడలేదు. పెట్టె మూత తీస్తూ, "చెయ్యి సంగతి తర్వాత చెప్తానండీ. ముందు వీరికి మూడు మీటర్లు కొలిచి ఇవ్వండి" అన్నారు.

ఆయన స్టూలు కింద పెట్టి లేసు అందుకున్నారు. ఆ రోజు కొట్టు కట్టేసేదాకా, పిన్నిగారు పీట మీద కూర్చుని ఎంత చెప్తే ఆయన అంత కొలిచారు.